ఏడో షరతు

తొంభై రోజుల ఒప్పందం, ఇవాళ యాభై ఎనిమిదోది.
లూనెన్‌బర్గ్ రేవు మీది పొగమంచు మా వీధిదాకా ఎక్కింది.
గుమ్మం ముందు బోర్డు మీద
డెస్మండ్ బుటిలియే నవ్వుతూనే ఉన్నాడు,
లోపలికొచ్చిన డెస్మండ్ నవ్వలేదు.
తడి బూట్లు విప్పి, ఎక్కడ పెట్టాలో తెలీక
చేత్తోనే పట్టుకున్నాడు.

"ధర తగ్గించమంటే మీరు వినలేదు."
వినలేదు.
విన్నవి చాలవూ?
చేప వాసనొస్తే కొనేవాళ్లు పారిపోతారని
రెండు నెలలు ఉడికించిన గుడ్లు తిన్నాను.
మా అక్క కుర్చీని షెడ్డులోకి తోయించి
ఆ చోట గాజుగిన్నె నిండా నిమ్మకాయలు పేర్చాడు,
ముట్టుకోవద్దన్నాడు.
ఫొటోల్లో వంటిల్లు ఎంత వెలుగ్గా ఉందో!
రాత్రుళ్లు ఫోన్లో చూసుకునేదాన్ని,
ఎవరిదో ఇల్లు చూసినట్టు, కాస్త ఈర్ష్యగా.

"రద్దుకి రుసుము లేదు. ఫొటోల ఖర్చు
నాలుగు వందల డాలర్లు మాత్రం మీది.
ఇక ఏడో షరతు..." వేలు పెట్టి చూపించాడు,
"ఆర్నెల్లలోగా, నేను చూపించగా చూసినవాళ్లెవరు కొన్నా
కమిషన్ నాకే రావాలి."
పట్టీ చదివాడు. పద్నాలుగు పేర్లు.
ఎల్స్‌పెత్ నికిల్ అన్న పేరు లేదందులో.
ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టాను.

బోర్డు పీకి భుజాన వేసుకుని వెళ్లాడు,
తన మొహాన్ని తన వీపు వైపు తిప్పుకుని.

సాయంత్రం హాడక్ ముక్కలు నూనెలో చిటపటలాడుతుంటే
గిన్నెలోంచి ఓ నిమ్మకాయ తీసి కత్తి పెట్టాను.
దిగలేదు.
ప్లాస్టిక్.