వంతెన మేకులు

కొయింబ్రా వైపు కొండ మీద
మంటలు ఆరిన పదకొండో రోజు మళ్ళీ ఎక్కాం.
సైకిళ్ళు లేవు, భుజాన పారలూ గునపాలూ.
దారి ఎక్కడుందో కాలికి తెలుసు,
కంటికే ఆనలేదు.

మూడో మలుపులో చెక్క వంతెన ఉండేది.
ఇప్పుడు వాగు అడుగున మేకులు మాత్రం,
కాలి నీలం తిరిగి.
డెల్ఫిం ఒక్కొక్కటీ ఏరి జేబులో వేసుకున్నాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.

టైర్ల కంపెనీ డబ్బు పంపింది,
వెంట ఎర్రటి బ్యానరూ పంపింది.
కట్టడానికి కొమ్మ ఏదీ?
ఇద్దరు కుర్రాళ్ళు చెరో కొసా పట్టుకున్నారు ఫోటోకి,
బూడిదకి తుమ్ముతూ.
నవ్వుకున్నాం గానీ
ఆ డబ్బే తూములయింది, గడ్డి మోపులయింది,
తొలి వాన కొండ తోలు ఒలుచుకుపోకుండా
అడ్డం పడుకుంది.

జుల్మీరా అవ్వకి సైకిలంటే గిట్టదు.
మేకలు బెదురుతున్నాయని
ఇరవై ఏళ్ళుగా మమ్మల్ని తిట్టిపోస్తోంది.
శనివారం పొద్దున్నే ట్రాక్టరు మీంచి
రెండు తలుపులు దింపించింది,
మేకల పాకవి. చెస్ట్‌నట్ కర్ర, అంచులు మాడి.
"వంతెనకి సరిపోతాయా చూడండి.
బెదరడానికి ఇప్పుడు మేకలు లేవుగా" అంది.

తరవాత చాలాసేపు సుత్తి చప్పుడే.

డెల్ఫిం జేబు బోర్లించాడు.
మంట మెత్తబరచిన ఇనుము,
రాతి మీద సాగగొడితే కొన్ని ఒరిగాయి,
కొన్ని దిగాయి.
మిగతావి కొట్టు సెబాస్తియాఁవ్ ఇచ్చాడు,
లెక్క రాసుకోకుండా.

వంతెన నడిమి పలకలో
తాళంచెవి కన్నం అలాగే ఉంది.
వంగి చూస్తే కింద నీళ్ళు,
ఇంకా నల్లగానే.