బోరు నీళ్ల చుక్కలు

"అత్తా, ఫిల్మా, డిజిటలా? ఒక్కటి చెప్పు,
రెండింటికి పైసల్లేవు" అంటున్నవు.

చండూరు అంగడి తొవ్వల
కింద కోడిగుడ్ల దుకాణం, మీద మన స్టూడియో.
బాత్రూమే చీకటి గది.
ఎర్రబల్బు ఏసుకొని నాయిన లోపలుంటే
ఆ పూట ఎవ్వరికి తానం లేదు.

రీలుకు ముప్పై ఆరు.
ముప్పై ఏడోది పడితే అది ఇంటోళ్లది.
నా చిన్నతనమంతా
ఎవరెవరి పెండ్లి తోకకో అతుక్కొని ఉన్నది.

కడిగేది బోరు నీళ్లతోనే,
ఇంకేం నీళ్లున్నయి మనకు?
తాడు మీద ఆరేసిన నెగెటివ్‌కు
ఉప్పుచుక్కలు తేలేవి.
అవే నీళ్లు మన పండ్లకు గోధుమ గీతలు గీసినయి,
బక్కమ్మ నడుమును కొడవలి చేసినయి.
పెండ్లిపిల్ల చెంప మీద తెల్లచుక్క వస్తే
నాయిన సన్న కుంచె పట్టుకొని కూసునేటోడు.
"నీళ్ల తప్పు దిద్దుతున్న,
మనిషిని కాదు" అనేటోడు.

బక్కమ్మ మెట్లెక్కి వచ్చేది, పింఛను కాయితం ఫోటోకు.
నవ్వమంటే
నోరు ఇంకింత బిగబట్టేది.
మూడు రీళ్లల్ల మూడుసార్లు దొరికింది,
మూడుసార్లు ఏసిన తలుపే.

డిజిటల్ వచ్చినంక
కెమెరా ఎనక తెరల ఆమె మొఖం ఆమెకే చూపిచ్చిన.
"ఓ యవ్వ, గీ ముసల్ది ఎవలే!"
పక్కున నవ్వింది.
గప్పుడు నొక్కిన.
ఎన్ని గీతలు, ఎన్ని సందులు,
ఎంత ఎలుగు ఆ నోట్ల!
రీలైతే పైసలు లెక్కవెట్టుకుంట
ఏలు ఆపుకునేదాన్ని.

గట్లని ఇదే గొప్పదంటనా?
నువ్వే కదరా ఆ రాత్రి
మౌసుతోని రెండు నొక్కులు నొక్కి
ఆమె పండ్లను మల్లెమొగ్గలు చేసినవు.
ఫ్రేము కట్టిచ్చి ఇస్తే
కొంగుతోని అద్దం తుడిచింది, మల్ల తుడిచింది,
"ఇవెవరి పండ్లు బిడ్డా?" అన్నది.

హార్డ్ డిస్కు ఒకటి నిరుడు టిక్కుటిక్కుమని
నలభై పెండ్లిళ్లు మింగి సచ్చింది.
నెగెటివ్‌లన్నా మిగిలినయా?
రేకు డబ్బల సగం బూజు తిన్నది.
ఎవరి మీద ఒట్టు పెట్టమంటవు?

ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయి.
మొన్న ఒక పాత రీలు కడిగిన,
చుక్క లేదు.
మంచిదే, మన పోరగాండ్ల పండ్లు తెల్లగుంటయి.
అయినా తాడు కింద నిలబడి
చానసేపు వెతికిన,
ఎవరో రావాల్సినోళ్లు రానట్టు.

ఫ్రిజ్‌ల పచ్చిమిరపకాయల పక్కన
గడువు దాటిన రీలు ఒక్కటున్నది.
కొనుడు సంగతి రేపు మాట్లాడుదాం.
బక్కమ్మ కింద గుడ్లు బేరమాడుతున్నది,
గొంతు వినవడ్తలేదా?
ఆమెకు ఇప్పుడు మెట్లు చాతగావు.
నువ్వు అది పట్టు, నేను ఇది పడ్త,
మనమే దిగుదాం.