ఒకే మేకు

రేపు ఆదివారం, తొమ్మిదింటికి వర్క్‌షాప్.
పర్లాకిమిడిలో మా కాలేజీ రెండో అంతస్తు ల్యాబు.
ఇరవై రెండు కంప్యూటర్లు,
వాటిలో తొమ్మిదింటికి కొత్త పైథాన్ గొంతు దిగదు.

పాఠం వాన లెక్కలది.
పదేళ్ల వర్షం, మహేంద్రతనయ నీటిమట్టం,
రెంటినీ కలిపి ఒక గీత గీసి చూపించాలి.
గీత గీసే ప్యాకేజీ అంటుంది:
నమ్‌పై రెండు దాటితేనే గడప తొక్కుతాను.
పట్టికలు చదివే ప్యాకేజీ అంటుంది:
రెండు దాటిందా, నన్ను పిలవకండి.
ఒకదాన్ని బుజ్జగించి కూర్చోబెడితే
రెండోది విస్తరి ముందునుంచి లేస్తుంది.

ఎర్ర అక్షరాలు. మళ్లీ ఎర్ర అక్షరాలు.
ఫోన్ హాట్‌స్పాట్ మీద నలభై ఎంబీ దిగేలోపు
వాచ్‌మన్ దండాసి రెండుసార్లు టీ తెచ్చాడు.
"ఇంకా అవ్వలేదేటమ్మా?"
లేదు. ఇద్దరికీ పడటం లేదు.
"ఆస్తి గొడవా?"
దాదాపు.

తాళాల గుత్తి తగిలించే మేకుకి
రెండు క్యాలెండర్లు,
తెలుగుదొకటి, ఒడియాదొకటి.
వెన్నెల పక్షంలో రెండూ ఒకే నెల.
పున్నమి దాటగానే
ఒడియాది తర్వాతి నెలలోకి అడుగు పెడుతుంది,
తెలుగుది అమావాస్య దాకా
పాత నెలలోనే కాళ్లు చాపుకుంటుంది.
మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది ఒడియా.
తాతయ్య తద్దినం ఏ నెలో
ఏ ఏడూ తేలేది కాదు,
తద్దినం మటుకు ఏ ఏడూ తప్పలేదు.
"నెల పేరు ఎవరిదైనా పెట్టుకోండి,
బహుళ పంచమి బహుళ పంచమే"
అనేది అమ్మ, బియ్యం కడుగుతూ.

పదకొండున్నరకి కొత్తవాటి మీద ఆశ వదులుకున్నాను.
అన్నిటికన్నా ముసలిది, పద్నాలుగో నంబరు,
నువ్వు ఎంత దూరం నడవగలవని అడిగి
మిగతా ఇరవై ఒకటినీ దాని నడకకి దించాను.
నమ్‌పై ఒకటి పాయింట్ ఇరవై నాలుగు.
గీత గీసేదానికి కూడా పాత రూపమే.
తాకితే అంకె చెప్పే రంగుల పటం
పాఠంలోంచి తీసేశాను.
ప్రాణం ఉసూరుమంది.
వారం రోజులు దానికే పట్టింది మరి.

నాలుగు పేర్లు, నాలుగు అంకెలు,
మధ్యలో రెండేసి సమాన గుర్తులు.
కాగితం మీద పెద్దక్షరాలతో రాసి
క్యాలెండర్ల మీదుగా
ఆ మేకుకే గుచ్చాను.

పొద్దున అందరికన్నా ముందు వచ్చింది లూసియా రయిత,
గుమ్మ నుంచి మొదటి బస్సులో,
చెప్పుల నిండా ఎర్రమట్టి.
మేకు దగ్గర నిలబడి చదివింది.
"కొత్తవి ఉండగా ఇవెందుకు మేడం?"

జవాబు సిద్ధంగానే ఉంది, కాస్త పొడుగుది.
ఒడియాలో మొదలెట్టాలా తెలుగులోనా అనుకునేలోపే
వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది,
పద్నాలుగో నంబరు ముందు.
పక్కపిల్లతో సవరలో ఏదో అని నవ్వుతోంది.

పదిన్నరకి ఆ తెర మీద ఒక వరద
నిటారుగా లేచి మెల్లగా దిగింది.
మూడో నంబరు మాత్రం, కొత్త యంత్రమే,
ఇంకా ఎర్రగానే ఉంది.
ఎందుకో నాకూ తెలీదు.