తాగని గ్లాసు

మౌలాలి గుట్ట కింద పాత పారిశ్రామికవాడ,
మూడో అంతస్తు.
మా బోర్డు అరచేతంత, దాని జ్ఞాపకం ఇంకా చిన్నది.
పదకొండు రోజులుగా అది నత్తలా నడుస్తోంది,
దాని వెనక నేను.

రాత్రి ఒంటిగంటకి లెక్క తేలింది:
ఒక్క పేజీ కదిలినప్పుడల్లా
కెర్నెల్ కాష్ మొత్తాన్నీ దులిపేస్తోంది.
ఇప్పుడే తెచ్చుకున్నవీ, మళ్ళీ కావాల్సినవీ,
ప్రాసెసర్ నోటిదాకా వచ్చినవీ
అన్నీ పారబోసి
ఎక్కడో దూరాన ఉన్న మెమరీ దగ్గరికి
ఖాళీ బిందెతో పరుగు.

ఎవరు రాశారో ఆ వరుస.
పక్కన చిన్న వ్యాఖ్య: ఎందుకైనా మంచిది.
ఎందుకైనా మంచిది!
గ్యాసు రెండుసార్లు కట్టేసి చూసుకునే చెయ్యి కావచ్చు,
ఒకసారి కాలిన చెయ్యి కావచ్చు.
తీసేద్దామంటే నాకూ చెయ్యాడలేదు.

పొద్దున ఆరున్నరకి సత్తెవ్వ.
ట్యాంకర్ రాలేదు. నల్లా రోజు విడిచి రోజు.
ట్రేలో ఇరవై గ్లాసులు బోర్లించి ఉన్నాయి,
ఆమె నాలుగే కడిగింది.
"మిగతావో?" అన్నాను.
"తాగని గ్లాసు ఎందుకు కడగాలె సారూ?
ఎవలన్న మూతి వెడ్తె గద!"

కుర్చీ తిప్పుకున్నాను.
నిన్నటిదాకా లేని చిరునామా, ఇప్పుడే పుట్టింది.
దాన్నెవరూ చదవలేదు, అందులో ఎవరూ రాయలేదు,
దాని పాత ముఖం ఏ మూలా దాచి లేదు.
మరి ఇన్నాళ్ళూ ఏం కడుగుతున్నట్టు?
ఒక్క 'అయితేనే' చేర్చాను.
బోర్డు ఒళ్ళు విరుచుకుని లేచింది.

ఆ సంబరం మూడింటిదాకా.
మూడింటికి, చచ్చిపోయిన ఒక ప్రాసెస్ మాటలు
బతికున్నదాని నోట్లోంచి వచ్చాయి.
తెరమీద ఎవరిదో సగం పేరు, ఎవరిదో తేదీ.
అత్యాశ నాది.
చేతులు మారిన పేజీల దగ్గర కూడా
నీళ్ళు మిగుల్చుకున్నాను.

సాయంత్రం వంటగదిలోంచి కేక:
"గిదెవలు బోర్లిచ్చిన్రు సారూ?
అంచుకు మూతి గుర్తున్నది!"
లైటుకి ఎత్తి పట్టింది. సన్నటి టీ గీత.
నేనే. రాత్రి తాగి,
నిద్రమత్తులో, కడిగినవాటి పక్కన పెట్టేశాను.
ఏం చెప్పను? తల గోక్కున్నాను.

రెండో 'అయితేనే'కి ఇంకో గంటన్నర పట్టింది.
పంపేముందు ఆ పాత వ్యాఖ్య చెరపబోయి
ఆగాను, ఉండనిచ్చాను.
దాని కింద ఇలా రాశాను:
ముందు అంచు చూడు.

బయట మోటారు చప్పుడు.
ట్యాంకర్ ఇప్పుడొచ్చింది.