తవుడుకు కొన్న పేరు

ఏడో మంచంలో తవిటమ్మ.
తొమ్మిదో మంచంలో తవిటమ్మ.
ఎనిమిది ఖాళీ.
పలాస ఆస్పత్రి, ఆడవాళ్ళ వార్డు, రాత్రి డ్యూటీ,
నా సిరంజిలో పన్నెండు యూనిట్ల ఇన్సులిన్.

"తవిటమ్మా!" అన్నాను, ఏడు దగ్గర నిలబడి.
"ఆఁ" అంది ఏడు.
"ఆఁ" అంది తొమ్మిది.
నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.
అప్పటికి ఉద్యోగంలో చేరి పదకొండు రోజులు.

ఎస్తేరురాణి సిస్టరు అరవలేదు.
సిరంజి ట్రేలో పెట్టించి, వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది:
"పేరు నువ్వు చెప్పకు, వాళ్ళచేత చెప్పించు.
మంచమ్మీదున్న మనిషి దేనికైనా ఆఁ అంటాది,
నర్సమ్మని కాదంటే బాగోదని.
ఇంటిపేరడుగు. పెనిమిటి పేరడుగు."

తొమ్మిది ఇంటిపేరు సాలిన.
పెనిమిటి పేరు?
కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
"ఆ పేరు నానెలా సెప్తానమ్మీ?"
నలభయ్యేళ్ళ కాపురంలో ఒక్కసారీ పలకలేదట,
మనిషి పోయి ఆరేళ్ళయినా పలకదట.
చెప్పకపోతే సూది వెయ్యనన్నాను.
చాలాసేపటికి చీకటి కిటికీకేసి వేలు చూపింది.
"పొద్దున్నే ఒచ్చీవోడు. అరసవిల్లిలో ఉంటాడు."
కేసు షీటు తిప్పాను.
సాలిన సూర్యనారాయణ భార్య.
సుగరు ఈవిడకి.
ఏడో మంచంవైపు తిరిగున్న నా పాదాలు
ఇప్పటికీ కల్లోకొస్తాయి.

పదహారేళ్ళయింది.
మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉంటాను,
లెక్కపెట్టేది ఊపిరి.
చూస్తున్నామని తెలిస్తే ఊపిరి సర్దుకు కూచుంటుంది.
పాదమ్మీద బొటనవేలు నొక్కి వదిలి
ఆ గుంట పూడడానికి ఎంతసేపో చూస్తాను.
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడ్డ వేళ్ళకి
ఆక్సిజన్ క్లిప్పు పెడితే అంకె నిలవదు.
చెవితమ్మెకి పెడతాను, పెదాల రంగు చూస్తాను.
నొప్పి పదికెంత అని అడగమంటుంది ఫారం.
"తేలు కాదుగానమ్మా, కందిరీగ" అంటుందొక ముసలామె.
ఆరు అని రాస్తాను.
రాసినందుకు కొంచెం సిగ్గుపడతాను.

ఆ రాత్రి సూది వేశాక
నిద్ర పట్టని తొమ్మిదే చెప్పింది,
తనకి ముందు ముగ్గురు పురిట్లోనే పోయారని,
నాలుగోదాన్ని చేటలో పడుకోబెడితే
పక్కింటావిడ శేరు తవుడిచ్చి కొనుక్కుందని,
ఆ లెక్కన తను వాళ్ళమ్మ బిడ్డ కాదని,
చావొచ్చి వెతికినా ఎవరింట్లో వెతకాలో తెలీదని.
ఏడు కూడా మెలకువగానే ఉంది.
"నానూ అంతే" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

చావు పోల్చుకోకూడదని పెట్టిన పేరు.
నేను మాత్రం పోల్చుకోవాలి.

డ్యూటీ దిగే వేళకి
కిటికీలోంచి ఎండ తొమ్మిదో మంచమ్మీద పడింది.
తవిటమ్మ దుప్పటి సర్దుకుని, పైట సర్దుకుని
మెల్లగా అంది నాతో:
"అదిగో, ఒచ్చినాడు."