ఫ్రిజ్ వెనక నీళ్ళు

పులియాంతోపులో నా వంతు మూడు వందల ఇళ్ళు.
కార్పొరేషన్ ఇచ్చిన టార్చీ, మందు సీసా,
కొంగున ముడేసిన సుద్దముక్క.
తలుపు కొడితే లోపల్నించి పిల్లలు అరుస్తారు
"దోమలక్క వచ్చింది!"
పెంచలమ్మ అంటే ఇప్పుడు ఎవరికీ తెలీదు.

నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయో నన్నడగండి.
లారీ నీళ్ళు పట్టిన నీలం డ్రమ్ములో, సరే.
మేడ మీది టైరులో,
వాడకం మానేసిన రుబ్బురోలు గుంటలో,
చెయ్యి విరిగిన వినాయకుడి ఒళ్ళో కూడా.
ఎవరూ చూడనిది ఇంకొకటుంది:
ఫ్రిజ్ వెనక, అడుగున, అరచేతంత పళ్ళెం.
లాగితే,
వెచ్చటి నీళ్ళలో తోకాడిస్తూ
ఎనిమిదో తరగతిలో నేను పెట్టడం మరిచిన కామాలన్నీ.

ఇంటావిడ నోటి మీద చెయ్యేసుకుంటుంది.
"రోజూ తుడుస్తానక్కా, ఇల్లు అద్దంలా ఉంటుంది."
ఉంటుంది తల్లీ, నేను కాదన్నానా.
పారబోస్తే చాలదు, పీచుతో పక్కలు రుద్దు,
గుడ్డు గోడకంటుకుని ఎండలోనూ ఓర్చుకుంటుంది
వాన కోసం.
తలుపు మీద తేదీ వేస్తాను.
వారం దాటనిస్తే దానికి రెక్కలొస్తాయి.

ప్రతి మూడో ఇంట్లో టీ.
వద్దంటే చిన్నబోతారు.
నాకని వేరే గ్లాసు పెట్టిన ఇళ్ళూ ఉన్నాయి,
ఆ సంగతి ఇప్పుడొద్దు.
తీపి మాత్రం అన్ని గ్లాసుల్లోనూ ఒకటే.

ఆడి నెలలో బొటనవేలిని చెప్పు కరిచింది.
పసుపు పెట్టాను, సున్నం పెట్టాను,
పుండు నా మాట వినలేదు.
హెల్త్ సెంటర్‌లో నర్సు కస్తూరి తమిళంలో తిట్టి
వేలు పొడిచింది.
రెండు వందల ఎనభై ఆరు.
నా జాబితాలో ఆ నంబరు ఇల్లొకటుంది,
గుమ్మంలో మేక కట్టేసి ఉంటుంది.
మొదట అదే గుర్తొచ్చింది.

"ఎన్నాళ్ళుగా?"
ఏం చెప్పను.
దాహమంటే ఎండనుకున్నాను,
రాత్రి నాలుగుసార్లు లేస్తే వయసనుకున్నాను.
ఊరందరి నీళ్ళలో టార్చీ వేశాను గానీ
నా నెత్తురు మూత తీసి ఒక్కసారీ చూడలేదు.

ఆ సాయంత్రం నా ఇంటికే డ్యూటీకి వచ్చినట్టు వచ్చాను.
తలుపు కొట్టాను.
చెంచురామయ్య బీడీ వెనక్కి దాచాడు.
చక్కెర డబ్బా, మూడుసార్లు కాగి నల్లబడ్డ నూనె,
మూల బస్తాలో రేషన్ బియ్యం.
బియ్యాన్ని ఎలా పారబోయను? అది అన్నం.
కంచంలో సగం చేశాను.
మిగతా సగానికి మునగాకు,
పొద్దున్నే కన్నమ్మవ్వ బండి దగ్గర రాగి కూళు.
పదేళ్ళు ఆ బండి పక్కనుంచే పోయి
పూరీలు తిన్నదాన్ని.

పుండు మానాక నడవమన్నాడు డాక్టరు.
నవ్వొచ్చింది, నడకే కదా నా జీతం.
"అది గుమ్మం గుమ్మానికీ ఆగే నడకమ్మా.
ఆగకుండా నడు."
ఆగకుండా నడిచే చోటు మా వీధిలో చూపించమనండి,
ఆటోలు, కుక్కలు, బిందెల వరస.
అయిదింటికి లేచి మైదానం చుట్టూ తిరుగుతున్నాను.
కొన్ని రోజులు. అన్ని రోజులూ అంటే అబద్ధం.

మా తలుపు లోపలి వైపు ఇప్పుడు సుద్దతో తేదీలు.
వాటి కింద వంకర గీతలు మా ఆయనవి,
కాల్చని బీడీకొకటి.
నేను లెక్క అడగను.

నిన్న మేక ఉన్న ఇంట్లో టీ చేతికిచ్చింది.
"చక్కెర లేకుండా" అన్నాను.
చిన్నబోయింది.
కాసేపటికి గొంతు తగ్గించి
"మా ఆయన కూడా రాత్రి నాలుగైదుసార్లు
లేస్తున్నాడక్కా" అంది.

ఫ్రిజ్ వెనక టార్చీ ఆర్పాను.
"ఏడీ, పిలువు.
కాళ్ళు చూపించమను."