ఖాళీ బరువు

రాయగడ బైపాసు మీద వేబ్రిడ్జిలో నా ఉద్యోగం.
వెదురు లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
రాస్తాను.
మిల్లులో దింపుకొచ్చి మళ్ళీ ఎక్కుతుంది.
మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే
మిగిలినదానికే డబ్బులు.
పదహారేళ్ళుగా ఇదే తీసివేత.

ఓ ఆదివారం ఎవరూ లేకుండా చూసి
నేనే ఎక్కి నిలబడ్డాను.
ఎనభై అంది.
దిగి ఎక్కితే అరవై.
ఇరవై కిలోల లోపు తేడాలు
లారీల కాటాకి ఆనవు.

సుబాసిని జకసిక గుమ్మంలోంచి చూసి నవ్వింది.
టీకా మందుల ఐసు పెట్టె భుజాన వేసుకుని
కొండ ఊళ్ళు తిరిగే పిల్ల,
దారిలో రాయి కనబడితే
పెట్టె నీడన పెట్టి రెండడుగులు ఎక్కిగానీ కదలదు.
"తవిటిబాబూ, ఈ కాటా నీకు పనికిరాదు.
నీది టికే టికే లెక్క."

గదిలో ద్వారబంధం మీద సాలచెక్క కొట్టించింది.
అంచు, వేలి మొదటి కణుపంత.
ఏడు లెక్కపెట్టేదాకా వేలాడు,
మూడు నిమిషాలు కూచో,
మళ్ళీ వేలాడు. అయిదుసార్లు.
ఆరోసారి అడిగితే కసిరింది:
"ఓపిక మిగిలితే ఇంటికి పట్టుకుపో."

పాడైన కాటా చీటీల వెనక రాసుకున్నాను.
సంక్రాంతి వెళ్ళిన వారం: నాలుగు అంకెలకే జారాను.
శివరాత్రికి: ఏడు.
తర్వాత ఇరవై రోజులు అదే ఏడు, అదే ఏడు,
ఎవరో సీలు గుద్దినట్టు.
ఆపైన ఒకనాడు, ఎందుకో తెలీదు,
ఏడు అయిపోయాక కూడా చేతుల్లో ఇంకా నేను ఉన్నాను.

అప్పుడు నడుముకి అరకిలో కట్టింది.
మూతపడ్డ కిరాణాలోంచి తెచ్చిన తూకపు రాళ్ళు.
మా భాషలో వాటినీ రాళ్ళే అంటాం.
రాయి ఎక్కడానికి
రాయి కట్టుకున్నాను.

వానలు మొదలైన వారంలో
ఆమె లేనప్పుడు, గొప్పకి,
ఒక్కసారే అయిదు కిలోలు కట్టాను.
ఉంగరం వేలి లోపల టక్‌మంది,
పచ్చి చింతబరికె విరిచినట్టు.

తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.
బకెట్‌లో చోళ్ళు పోయించి
చెయ్యి లోపలికి దించి
మూసి తెరవమంది, మూసి తెరవమంది.
సాలూరు నుంచి వచ్చిన మా అక్క పైడితల్లి
గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.
"చోళ్ళలో ఏటి పారేసుకున్నావురా?"
ఏటి చెప్పను.
నాగావళి ఎర్రగా వచ్చి ఎర్రగా పోయింది,
నేను వెతుకుతూనే ఉన్నాను.

దసరా దాటాక మళ్ళీ చెక్క.
మళ్ళీ నాలుగు అంకెలు.
అంకె పాతదే.
అయితే, ఈసారి భయం ఏ కీలులో కూచుంటుందో తెలుసు,
దానికీ కాస్త చోటు వదిలి వేలాడాను.

బుఢీ పథర అంటారు ఆ బండని,
ఏటికి అవతల, జీడితోటల వెనక.
పొద్దున్నే చల్లగా ఉంటుంది,
తొమ్మిది దాటితే వేళ్ళ చెమట తాగేస్తుంది.
సగం ఎత్తులో ఒక అంచు,
మా గుమ్మం మీది చెక్కకి తోబుట్టువు.
ఏడాదిగా అక్కడే రాలిపోతున్నాను.

ఇవాళ పట్టాను.
ఒకటి, రెండు, మూడు.
కాలు పైకి లాక్కున్నాను.
పై పట్టు చేతికి తగిలింది, చల్లగా,
ఎవరిదో ఇంటి గడియ తగిలినట్టు.
తర్వాత జారిపోయాను.
చీటీ మీద రాశాను: ఒక అంచు ఎక్కువ.

ఇప్పుడు తాడు కింది కొస నా దగ్గర.
సుబాసిని ఎక్కుతోంది,
మడమలు నల్లగా, నెమ్మదిగా, నా తలకి పైన.
అంచు దాటింది, నేను ఆగిన చోటూ దాటింది.
ఆ పైన కాలు తప్పింది.

తాడు బిగిసింది.
నా నడుము ఒక జానెడు లేచి
మళ్ళీ నేలకి ఆనింది.
పైన గాలిలో వేలాడుతూ నవ్వుతోంది,
"ఎంతున్నాను, తవిటిబాబూ?"

నలభై తొమ్మిది అన్నాను.
ఒకటీ అటూ ఇటూ కాదు.